చెరువు తవ్వించినోళ్లు సరే, పూడిక ఎవరు తీయాలి?

(తిరుపతిలో పరిశోధక విద్యార్థుల కోసం పెట్టిన ఒక శిక్షణ తరగతిలో నేను మాట్లాడిన మాటలివి. రికార్డింగు విని రాసుకున్నాను, మాట తీరు పెద్దగా మార్చలేదు.)

అందరికీ నమస్కారం. వెనక వరసలో ఉన్నోళ్లకు వినపడతా ఉందా? ఆ ఫ్యాను కొంచెం తగ్గించండి నాయనా, కాగితాలు ఎగిరిపోతున్నాయి. సరే.

ముందుగా ఒక లెక్క తీసుకుంటాను. ఇక్కడ కూర్చున్నవాళ్లలో జొటెరో గానీ, జాబ్‌రెఫ్ గానీ, అట్లాంటి ఉచిత రిఫరెన్స్ సాఫ్ట్‌వేర్, అంటే చదివిన పుస్తకాలు, వ్యాసాల వివరాలు దాచిపెట్టి థీసిస్‌కు పట్టీ తయారుచేసి ఇచ్చేది, ఏదైనా వాడేవాళ్లు చేతులెత్తండి. చాలామందే ఉన్నారు, సంతోషం. దించకండి, అట్లాగే ఉంచండి. ఇప్పుడు దానికి ఒక్కసారైనా ఒక్క రూపాయైనా కట్టినవాళ్లు తప్ప మిగతా అందరూ దించేయండి. (నవ్వులు) ఒకటి... ఆ మూల ఇంకొకటి. ఇద్దరు. తప్పు పట్టడం లేదబ్బా, నేనూ ఏడేళ్లు పైసా కట్టకుండానే వాడాను. ఈరోజు నేను మాట్లాడేది ఆ దించేసిన చేతుల గురించే.

నేను చరిత్ర చదువుకున్నదాన్ని, ఇక్కడే ఒక డిగ్రీ కాలేజీలో పాఠాలు చెబుతాను, కంప్యూటర్ మనిషిని కాను. నా పీహెచ్‌డీ చిత్తూరు జిల్లా చెరువుల మీద. తిరుమల దేవస్థానం వాళ్లు 1930ల్లో అచ్చువేయించిన శాసన సంపుటాలు, గెజెటీర్లు, సెటిల్మెంటు రికార్డులు, పాత పత్రికల్లో వ్యాసాలు, ఇట్లా ఎక్కడెక్కడివో పోగు చేసుకున్నాను. రిఫరెన్సులు మొదట నోటుబుక్కులో రాసుకున్నా, తర్వాత ఎక్సెల్‌లోకి ఎక్కించా, ఆ తర్వాత ఎవరో చెప్పారని డబ్బులు పెట్టి కొనే ఒక సాఫ్ట్‌వేర్‌ను ట్రయల్ కింద దించుకుని అందులో పెట్టాను. నాలుగు వందల పైచిలుకు. ముప్పై రోజులు రాజభోగం. ముప్పై ఒకటో రోజు పొద్దున తెరిస్తే కొత్తది చేర్చనివ్వదు, ఉన్నది దిద్దనివ్వదు, లైసెన్సు కొనమంటుంది. ధర చూస్తే నా రూము అద్దె, మెస్ బిల్లు కలిపినా చాలదు. ఇంక చేసేదేముంది, బాలాజీ కాలనీలో ఒక డీటీపీ సెంటర్‌కు ప్రింటవుట్ పట్టుకెళ్లి, పేజీకి ఇంత అని మాట్లాడుకుని, మొత్తం మళ్లీ టైపు చేయించాను. ఆ కుర్రాడు పాపం బాగానే కొట్టాడు, కానీ శక సంవత్సరాలన్నిటినీ మామూలు సంవత్సరాలనుకుని బ్రాకెట్లో పెట్టేశాడు. శక 1390 అంటే 78 కలిపి 1468 అవ్వాలి గదా, ఆ కలపడం అతనికెట్లా తెలుస్తుంది? దాంతో నా పుస్తకాల పట్టీ ప్రకారం తర్వాత విజయనగర రాజైన సాళువ నరసింహుడు పుట్టకముందే దానాలు చేసేశాడు. (నవ్వులు) మా గైడు గారు అది చూసి కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టారు. ఆయన కళ్లజోడు తీశారంటే అర్థం ఏమిటో ఆయన దగ్గర చేసినవాళ్లందరికీ తెలుసు.

అప్పుడు మా సీనియర్ ఒకాయన జొటెరో ఎక్కించి ఇచ్చాడు. డబ్బులెంత అన్నా అని అడిగితే, "ఏం లేదమ్మా, ఉచితం" అన్నాడు. ఆ మాట పట్టుకుని ఏడేళ్లు గడిపేశాను. ఉచితం అంటే ఎవరికి ఉచితం, ఎవరు పెట్టుకుంటున్నారు అనే ప్రశ్న రాలేదు. చరిత్ర చదివినదానికి రావాల్సిన ప్రశ్నే అది, సిగ్గుగానే ఉంది చెప్పుకోవడానికి.

ఇంతకీ అది చేసింది ఎవరనుకున్నారు? చరిత్ర వాళ్లే. అమెరికాలో వర్జీనియా రాష్ట్రంలో జార్జ్ మేసన్ యూనివర్సిటీ అని ఉంది, అందులో చరిత్రకూ కొత్త మీడియాకూ కలిపి ఒక కేంద్రం ఉంది, దాన్ని పెట్టిన రాయ్ రోజెన్‌జ్వైగ్ చరిత్రకారుడు. ఆయన పోయాక ఆయన పేరే దానికి పెట్టారు. 2006 అక్టోబరులో అక్కడి నుంచి జొటెరో మొదటిసారి బయటికొచ్చింది, అప్పట్లో ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్‌కు తగిలించుకునే చిన్న పనిముట్టు. ఆ పేరు అల్బేనియన్ భాషలోది, ఒక విషయాన్ని పూర్తిగా వశం చేసుకోవడం అనే అర్థంలో ఉన్న మాట నుంచి తీసుకున్నారు. మొదట్లో డబ్బు మెలన్ ఫౌండేషన్, స్లోన్ ఫౌండేషన్, మ్యూజియాలకూ లైబ్రరీలకూ గ్రాంట్లు ఇచ్చే అమెరికా ప్రభుత్వ సంస్థ ఒకటి, వీళ్ల దగ్గరి నుంచి వచ్చింది. గ్రాంట్లన్నమాట. మీకు యూజీసీ ప్రాజెక్టులు తెలుసు గదా, కొన్నేళ్లు ఇస్తారు, యుటిలైజేషన్ సర్టిఫికెట్ అడుగుతారు, ఆపైన మీ దారి మీది. అక్కడా కథ పెద్ద తేడా ఏమీ ఉండదు.

ఇక్కడ నా చెరువుల దగ్గరికి వస్తాను, కొంచెం ఓపిక పట్టండి.

తిరుమల శాసనాల్లో, ఎక్కువగా తమిళంలో ఉంటాయి అవి, పదిహేను పదహారు శతాబ్దాల నాటి వాటిలో ఒక పద్ధతి మళ్లీ మళ్లీ కనిపిస్తుంది. ఎవరో ఒక దాత, రాజోద్యోగి కావచ్చు, వర్తకుడు కావచ్చు, గుడికి ఇంత సొమ్ము ఇస్తాడు. గుడివాళ్లు ఆ సొమ్మును నేరుగా నైవేద్యానికి ఖర్చు పెట్టరు. స్వామి వారి గ్రామాల్లో చెరువులు, కాలువలు తవ్వించడానికి, బాగు చేయించడానికి పెడతారు. నీళ్లు వచ్చి పంట పెరుగుతుంది, ఆ పెరిగిన పంటలో నుంచి ఆ దాత పేరు మీద రోజూ నైవేద్యం జరుగుతుంది. ఆ ప్రసాదంలో నాలుగో పాలు దాత వంతు. ఎంత ముందుచూపో చూడండి. ఒక్కసారి వచ్చిన డబ్బును ఏటేటా వచ్చే రాబడిగా మార్చారు. మన నిత్యాన్నదానం కూడా, 1985లో మొదలైంది గదా, వచ్చిన విరాళాలను బ్యాంకులో వేసి వడ్డీతో అన్నం పెట్టే లెక్క మీదే నిలబడింది.

తవ్వడం ఒక ఎత్తు, కాపాడటం ఇంకో ఎత్తు. మా ఊరు చంద్రగిరి అవతల. మా ఊరి చెరువుకు నీరుగంటి ఒకాయన ఉండేవాడని మా నాయన చెప్పేవాడు. తూము ఎప్పుడు ఎత్తాలి, ఏ మడికి ఎంతసేపు, చెరువు నిండి మొరవ పారేటప్పుడు రాత్రంతా కట్ట మీద కాపలా, అన్నీ ఆయనే. జీతం లేదు, కోతలయ్యాక కళ్లంలో ప్రతి రైతూ ఆయనకు మేర కింద ఇంత ధాన్యం కొలవాలి. ఎండాకాలంలో ఇంటికొకరు వెళ్లి పూడిక తీసేవాళ్లు. ఆ మేర ఆగిపోయింది, నీరుగంటి కొడుకు బెంగుళూరు పోయాడు, సర్కారు చూసుకుంటుందిలే అనుకున్నారు అందరూ. పోయిన వేసవిలో వెళ్తే కట్ట మీద కొత్త శిలాఫలకం గ్రానైటులో మెరిసిపోతా ఉంది, పక్కనే తూము మాత్రం మట్టితో మూసుకుపోయి అందులో జిల్లేడు మొలిచింది.

సాఫ్ట్‌వేర్‌కు పూడిక ఏమిటంటారా? చెప్తాను. మీరు ఏదో జర్నల్ పేజీ తెరిచి, పైన బొమ్మ మీద ఒక్క నొక్కు నొక్కితే రచయిత పేరు, సంపుటి, పుటలు అన్నీ వచ్చి కూర్చుంటాయి గదా, ఆ నొక్కు వెనకాల ఆ వెబ్‌సైటును చదవడానికే రాసిన చిన్న ప్రోగ్రాం ఒకటి ఉంటుంది. ట్రాన్స్‌లేటర్ అంటారు. ఇట్లాంటివి వందల కొద్దీ ఉన్నాయి. ఆ జర్నల్ వాళ్లు ఒక మంచిరోజు చూసుకుని పేజీ డిజైను మారుస్తారు, అంతే, మీ నొక్కు పని చేయదు, ఉత్త పేజీ పేరు ఒకటి వచ్చి పడుతుంది. ఎవరో ఒకరు కూర్చుని మళ్లీ రాయాలి. ఇది రోజూ జరిగేదే. వర్డ్ కొత్త వెర్షన్ వస్తుంది, ప్లగిన్ మొరాయిస్తుంది. బ్రౌజర్ వాళ్లు పునాదే మార్చేస్తారు. అట్లా ఫైర్‌ఫాక్స్ మారినప్పుడే 2017లో జొటెరో మొత్తంగా దాని నుంచి విడిపడి సొంత ప్రోగ్రాంగా రావాల్సి వచ్చింది. ఎంత పని! అయినా వాడేవాడికి కొత్తగా కనిపించేది ఏమీ ఉండదు. గ్రాంటు ఇచ్చేవాళ్లకు కొత్తది కావాలి, రిబ్బను కత్తిరించేది కావాలి. "ఈ మూడేళ్లూ ఉన్నది చెడిపోకుండా చూశాం" అని రిపోర్టు రాస్తే ఎవరు మెచ్చుకుంటారు?

మరి జొటెరో ఇన్నేళ్లు ఎట్లా నిలబడింది అంటే, వాళ్లు మేర లాంటిది ఒకటి కనిపెట్టారు. సాఫ్ట్‌వేర్ ఉచితం. మీ రిఫరెన్సుల వివరాలు రెండు మూడు కంప్యూటర్ల మధ్య కలుపుకోవడం కూడా ఉచితం, ఎన్నైనా సరే. పీడీఎఫ్ ఫైళ్లు వాళ్ల సర్వర్లో దాచుకోవాలంటే మాత్రం 300 ఎంబీ దాకా ఉచితం, ఆ పైన డబ్బులు. 2 జీబీకి ఏడాదికి 20 డాలర్లు, 6 జీబీకి 60, ఎంతైనా పెట్టుకోవాలంటే 120. లాభాపేక్ష లేని ఒక సంస్థ ఈ వ్యవహారం చూస్తుంది, పని చేసేవాళ్లకు జీతాలు వచ్చేది చాలావరకు ఇక్కడి నుంచే. నేను కట్టే ఇరవై డాలర్లు, మన డబ్బుల్లో పద్దెనిమిది వందలకు అటూ ఇటూ, అందులో నాకు రెండు జీబీ దాత వంతు. మిగతా ముప్పాతిక ఎవరెవరికో పోతుంది. ఎక్కడో ఒక పిల్ల పైసా కట్టకుండా థీసిస్ రాసుకుంటుంది, రాసుకోనీ. శాసనంలో ఉన్న లెక్కే కదా ఇది.

కట్టకుండా ఉండాలంటే దానికీ దారి వాళ్లే పెట్టారు, వెబ్‌డావ్ అని, మీ సొంత సర్వర్లో పెట్టుకోవచ్చు. కట్టి తీరాలని కట్టేయరు. నాకు ఆ మర్యాదే నచ్చింది.

ఇంకో రకం చెరువు గురించి కూడా చెప్పాలి. మెండెలీ మీలో కొందరు వాడి ఉంటారు. లండన్‌లో కుర్రాళ్లు మొదలుపెట్టారు, జొటెరో లాంటి మంచి సాఫ్ట్‌వేర్, ఉచితమే, కానీ ఓపెన్ సోర్స్ కాదు, అంటే దాని కోడ్ అందరూ తీసుకుని వాడుకునేటట్టు ఇవ్వలేదు. 2013లో జర్నళ్లు అచ్చేసే పెద్ద కంపెనీ ఎల్సివియర్ కొనేసింది. 2018లో మన కంప్యూటర్లో ఉండే మన డేటా ఫైలునే తాళం వేసే పద్ధతిలోకి మార్చారు, భద్రత కోసమని వాళ్ల వివరణ. దాంతో అంతవరకూ నేరుగా జొటెరోలోకి తెచ్చుకునే దారి మూసుకుపోయింది. జొటెరో వాళ్లు తర్వాత ఆన్‌లైన్ ఖాతా నుంచి తెచ్చుకునే ఇంకో దారి వేశారులెండి. 2021లో మెండెలీ మొబైల్ యాప్ తీసేశారు, 2022లో పాత డెస్క్‌టాప్ ప్రోగ్రాం దించుకోవడం ఆపేశారు. కంపెనీని తిట్టడం లేదు నేను, వాళ్ల సొత్తు వాళ్లిష్టం. కట్ట మీద మనకు హక్కు లేని చెరువు కింద మనం వరి నాటుకున్నాం, అంతే.

2008లో ఇంకా పెద్ద గొడవ. ఎండ్‌నోట్ అని డబ్బులు పెట్టి కొనే రిఫరెన్స్ సాఫ్ట్‌వేర్ ఉంది, అప్పట్లో థామ్సన్ రాయిటర్స్ కంపెనీ చేతిలో ఉండేది. ఎండ్‌నోట్ స్టైల్ ఫైళ్లను జొటెరో చదివి మార్చుకుంటోందని జార్జ్ మేసన్ యూనివర్సిటీ మీద కోర్టుకెళ్లారు, కోటి డాలర్ల నష్టపరిహారం అడిగారు. 2009 జూన్‌లో కోర్టు కొట్టేసింది. ఆ స్టైళ్ల విషయంలో తర్వాత జరిగింది చూడండి, నాకు ఈ మొత్తం కథలో అన్నిటికన్నా ముచ్చటైన భాగం అదే.

స్టైల్ అంటే తెలుసు గదా, ఒక జర్నల్‌కు ఇంటిపేరు ముందు కావాలి, ఇంకోదానికి సంవత్సరం చివర కావాలి, ఒకరికి కామా, ఒకరికి చుక్క. ఈ నియమాలన్నీ రాసిపెట్టే పద్ధతి ఒకటుంది, సీఎస్‌ఎల్ అంటారు. దాన్ని మొదలుపెట్టిన బ్రూస్ డార్కస్ భూగోళశాస్త్రం పాఠాలు చెప్పే ప్రొఫెసర్. ఆ నియమాలను చదివి పట్టీ తయారుచేసే ఇంజిను ఒకటి రాసిన ఫ్రాంక్ బెన్నెట్ జపాన్‌లో నగోయా యూనివర్సిటీలో న్యాయశాస్త్రం చెప్పేవాడు. పంతుళ్లబ్బా, మన లాంటి పంతుళ్లే! ఈరోజు అక్కడ పది వేలకు పైగా స్టైళ్లున్నాయి, వాటిలో చాలావరకు వాడుకునేవాళ్లు రాసి పంపినవే, స్వచ్ఛందంగా కూర్చుని ఒక్కొక్కటీ సరిచూసి చేర్చినవే. జొటెరో ఒక్కటే కాదు, మెండెలీ కూడా వాటినే వాడుకుంటుంది. పెద్ద కంపెనీ కూడా పంతుళ్లు తవ్విన కాలువలోనే నీళ్లు తోడుకుంటోందన్నమాట. జాబ్‌రెఫ్ సంగతీ ఇంతే, 2003 నుంచి నడుస్తోంది, లేటెక్ అనే టైపుసెట్టింగు పద్ధతిలో రాసే సైన్సు వాళ్లకు బాగా తెలుసు, ఎక్కువ భాగం స్వచ్ఛందంగా చేసేవాళ్ల మీదే.

అట్లాగని స్వచ్ఛందం మీదే అంతా వదిలేయొచ్చా అంటే, వదలకూడదు. 2014లో హార్ట్‌బ్లీడ్ అని ఒక లోపం బయటపడింది. ఇంటర్నెట్లో పోయే సమాచారాన్ని పరాయివాళ్లు చదవకుండా కాపాడే ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ అనే సాఫ్ట్‌వేర్‌లో. ప్రపంచంలో బ్యాంకులు, దుకాణాలు, మెయిళ్లు ఎన్నో దాని మీదే ఆధారపడి ఉన్నాయి. అప్పుడు తెలిసిందేమిటంటే దాన్ని చూసుకునే సంస్థకు విరాళాల కింద ఏడాదికి వచ్చేది సుమారు 2,000 డాలర్లట. మన ఊళ్లో వినాయక చవితి పందిరికి అంతకన్నా ఎక్కువ వసూలవుతుంది.

ఇప్పుడు మన ఇంటి సంగతి. నేను ఒక సంస్థ ఆఫీసుకు వెళ్లాను, పేరొద్దు. మా స్కాలర్లందరికీ కలిపి జొటెరో నిల్వ తీసుకుందాం, సంస్థలకు వేరే ప్లాను ఉంది, ఏడాదికి ఇంతవుతుంది అని లెటరు పెట్టాను. గుమాస్తా గారు బాగానే మాట్లాడారు, టీ కూడా ఇప్పించారు. ఫైలు తిప్పి చూసి, "మేడమ్, ఇది ఉచితం అంటున్నారు, మళ్లీ డబ్బులు అంటున్నారు, ఉచితమైనదానికి డబ్బులెందుకు?" అన్నారు. చెప్పాను. "అయితే డొనేషనా? దానికి హెడ్ ఆఫ్ అకౌంట్ లేదు." కాదండీ, కొనుగోలే అన్నాను. "అయితే మూడు కొటేషన్లు తెండి." (నవ్వులు) ఒకరే తయారు చేసేదానికి మూడు కొటేషన్లు ఎక్కడి నుంచి తేవాలి సామీ? ఆయన తప్పేం లేదు, ఆయన రూలు ఆయనది. ఆ ఫైలు ఇంకా అక్కడే ఉందనుకుంటా.

అదే సమయంలో జర్నళ్లు చదువుకోవడానికి దేశం మొత్తానికి ఒకే చందా అని కేంద్రం 2024 నవంబరులో ఒప్పుకుంది, మూడేళ్లకు 6,000 కోట్లు. మనందరికీ మేలే, ఇంట్లో కూర్చుని చదువుకుంటున్నాం, కాదనను. కానీ ఆ చదివినదాన్ని దాచిపెట్టుకునే గంపకు ఎవరూ ఒక్క రూపాయి రాయలేదు. ఆరు వేల కోట్ల ధాన్యం కొని గాదెకు తలుపు లేదన్నట్టుంది నాకు. మన దేశంలోనే షేర్ల బ్రోకరేజీ కంపెనీ జెరోధా వాళ్లు 2024లో ఓపెన్ సోర్స్ కోసం ఏడాదికి పది లక్షల డాలర్ల నిధి ఒకటి ప్రకటించారు, ఏ దేశపు ప్రాజెక్టు అయినా అడగొచ్చు. ఒక ప్రైవేటు కంపెనీ చేయగలిగినప్పుడు యూనివర్సిటీల బడ్జెట్లో "సాఫ్ట్‌వేర్ సంరక్షణ" అని ఒక లైను రాయడానికి ఏం అడ్డం?

సరే, డబ్బులు లేని విద్యార్థులున్నారు ఇక్కడ, ఫెలోషిప్పు ఆరు నెలలకోసారి పడేవాళ్లు, వాళ్లను కట్టమని నేను అనను. మీ చేతిలో ఉన్నది వేరే. తెలుగు పేర్లు తీసుకోండి. పండితులు వేటూరి ప్రభాకరశాస్త్రి గారి పుస్తకం వివరాలు దించుకుంటే సాఫ్ట్‌వేర్ ఏమనుకుంటుంది? చివరి మాట ఇంటిపేరు అనుకుంటుంది. మీ పట్టీలో ఆయన "వే" దగ్గర ఉండాల్సింది "ప్ర" దగ్గర తేలతారు. దీనికి మందు సులభం, పేరు గడి పక్కన చిన్న బొత్తాం ఉంది, నొక్కితే రెండు గడులు ఒకటవుతాయి, పేరు ఉన్నదున్నట్టు రాసేయొచ్చు. ఈ ముక్క నాకు మూడేళ్లు తెలీదు. దాన్ని తెలుగులో రెండు పేజీలు రాసి మీ డిపార్టుమెంటు గోడకు అంటిస్తే అది కూడా పూడిక తీయడమే. అట్లాగే సీఎస్‌ఎల్‌లో భాషకొక ఫైలు ఉంటుంది, "సంపాదకుడు", "పుటలు", "తదితరులు" లాంటి మాటలు అందులో రాయాలి. మన తెలుగు థీసిస్‌లో పేర్ల వెనకాల "ఎట్ ఆల్" అని ఇంగ్లీషు అక్షరాల్లో వచ్చి పడుతుంటే విసుక్కుంటాం గానీ, తెలుగుకు ఆ ఫైలు ఉందా, ఉంటే ఎట్లా ఉంది అని చూసినవాళ్లు ఎందరు? తప్పు కనిపిస్తే చెప్పడం కూడా పనే. "పని చేయట్లేదు, హెల్ప్ అర్జెంట్" అని కాదు. ఏ వెర్షను, ఏ వెబ్‌సైటు, ఏం నొక్కితే ఏం వచ్చింది, ఇంతవరకు రాస్తే అవతలివాడికి సగం రోజు మిగులుతుంది.

ఏమ్మా, అడుగు. ...మైకు ఇవ్వండి ఆ అమ్మాయికి. ... "మనం కట్టకపోతే ఆగిపోతుందా మేడమ్?" అంటోంది. రేపే ఆగదమ్మా. ఓపెన్ సోర్స్ కాబట్టి ఆ కోడ్ ఎవరైనా తీసుకుని నడపొచ్చు, అది దాని లైసెన్సు ఇచ్చిన హామీ, మెండెలీకి లేనిది అదే. కానీ నడిపే మనిషి కావాలి గదా. మా చెరువు కూడా ఇంకా ఉంది, మ్యాపులో ఉంది, నీళ్లే లేవు.

"కార్డు పని చేస్తుందా" అని ఎవరో వెనకనుంచి అడుగుతున్నారు. మామూలు డెబిట్ కార్డుకు విదేశీ లావాదేవీలు ఆన్ చేసుకోవాలి, బ్యాంకు యాప్‌లో ఉంటుంది, పని అయ్యాక మళ్లీ ఆఫ్ చేసేయండి. ముగ్గురు నలుగురు కలిసి ఒక గ్రూపు లైబ్రరీ పెట్టుకుంటే అందులో ఫైళ్ల భారం గ్రూపు పెట్టినవాళ్ల ఖాతాలో పడుతుంది, కాబట్టి ఒకరు కట్టి మిగతావాళ్లు పంచుకోవచ్చు. మా ఇంట్లో గ్యాస్ సిలిండరుకు చేసినట్టు. (నవ్వులు)

చాలు, మాటలు ఎక్కువైనాయి. ల్యాప్‌టాప్ తెచ్చినవాళ్లు ముందు వరసకు రండి. శాసనాలకు జొటెరోలో వేరే రకం లేదు, నేను ఇన్నాళ్లూ "డాక్యుమెంట్" అని పెట్టి శక సంవత్సరాన్ని "ఎక్స్‌ట్రా" గడిలో దూర్చి నెట్టుకొస్తున్నాను. ఆ గడిలో రాసినది పట్టీలో సరైన చోట వచ్చేటట్టు ఒక స్టైల్ ఫైలు సగం రాసి పెట్టాను. గుడి పేరు వస్తోంది, గోడ దిక్కు వస్తోంది, సంపుటి సంఖ్య వస్తోంది. శకం మాత్రం ఇంకా బ్రాకెట్లోకే పోతోంది, ఆ డీటీపీ కుర్రాడి దగ్గర పోయినట్టే. రండి, అక్కడి నుంచి మొదలుపెడదాం.